ఫ్రిజ్ మీది చీటీకి టీకా తాత్పర్యం

మూలం

పదింటికల్లా ఆకులు ఊడ్చండి. కరివేపాకు లోపల పెట్టండి. హీటరు ముట్టకండి. కొండ బాగుంది, చూడండి.

అవతారిక

నవంబరు మొదటి ఆదివారం నాడు, కార్తికదీపం పెట్టుకొనుటకు లివర్‌మోర్ శివవిష్ణు ఆలయానికి బయలుదేరుతూ, ఒకానొక గృహిణి కాలిఫోర్నియాలో శాన్ రామన్‌లోని తన ఇంట ఫ్రిజ్ తలుపున, అయస్కాంతం కింద ఈ చీటీని నిలిపి వెళ్లెను. కర్త్రి పేరు చీటీలో లేదు. తలకట్లు పడిన వేగాన్ని బట్టి పోల్చుకోవలె. సంబోధన కూడా లేదు. ఆ వేళ ఇంట్లో మిగిలిన మగప్రాణి ఒక్కటే కనుక దాని అవసరం కలుగలేదు.

మెదక్ ప్రాంతపు కొల్చారం వాడైన మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ పూనిక పట్టాడు. ప్రస్తుత వ్యాఖ్యాతదీ ఆ జిల్లాయే గాని, ఆ పూనిక లేదు.

ప్రతిపదార్థం

పదింటికల్లా = పది గంటల లోపల. ఏ పది? ఇచటనే చిక్కు. 2007 నుంచి ఈ దేశంలో చాలాచోట్ల నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. ఫోను తనంతట తాను మారింది. మైక్రోవేవు మారలేదు. కనుక నేడు మా వంటింట రెండు పదులున్నవి: మైక్రోవేవు పది ముందు వచ్చును, ఫోను పది ఒక గంట ఆగి వచ్చును. చీటీ రాసినది వంటింట్లోనే గనుక మైక్రోవేవు పదే గ్రాహ్యమని పూర్వపక్షం. అది నిలవదు. ప్రభుత్వం ఫోను పక్షాన ఉన్నది. పైగా వ్యాఖ్యాతకు ఇంకా కాఫీ కాలేదు.

ఆకులు = మన ఇళ్లలో ఆకు అంటే సందర్భాన్ని బట్టి తమలపాకు, కాదంటే విస్తరాకు. ఇచట రెండూ కావు. వీధి పొడవునా నాటిన చైనా పిస్తా చెట్ల ఆకులు. పేరు పిస్తాయే గాని తినే పిస్తాలు కాయదు, దాని తోబుట్టువు కాస్తుంది. వేసవంతా ఎవరి కంటా పడకుండా పచ్చగా నిలబడి, అక్టోబరు దాటేసరికి పసుపూ నారింజా కుంకుమా కలిపి ఒంటి మీద పోసుకుంటుంది. ఒక కొమ్మలోనే మూడు రంగులు. ఒక్కో ఆకుకు ఎదురెదురుగా సన్నని రెక్కలు, చింతాకును సాగదీసినట్టు. రాలేటప్పుడు రెక్క రెక్కగా రాలి, మంచు తడికి సిమెంటుకు అంటుకుని, ఎంత గీరినా రాదు.

విశేషం: వృక్షశాస్త్రజ్ఞులు మామిడినీ జీడిమామిడినీ పిస్తానూ ఒకే కుటుంబంలో చేర్చారు. అంటే, నా గుమ్మానికి తోరణమై వేలాడే మామిడాకుకు, నేను గుమ్మం ముందు ఊడ్చి ఆకుపచ్చ డబ్బాలో పారబోసే ఆకు దాయాది. ఇది తెలిసీ చీపురు పట్టడానికి చేతులెలా వస్తాయి?

ఊడ్చండి = చీపురుతో శుభ్రపరచండి. ఇచట పాఠభేదం కలదు. చవొత్తు మీద కాఫీ చుక్క పడి అలికినందున, "ఊదండి" అని కూడా చదవవచ్చును. ఎదురింటివారు ఆ పాఠమే అనుసరించి, బ్యాటరీతో నడిచే ఊదుడు యంత్రాన్ని భుజాన వేసుకుని ఆకులను వీధిలోకి ఊదుచున్నారు. అది వారి సంప్రదాయం. మా ఇంట ఆ యంత్రం లేదు, ఇండియన్ స్టోరులో కొన్న ఈనెల చీపురు ఉన్నది. సాధనాన్ని బట్టి పాఠం నిర్ణయించవలె గనుక "ఊడ్చండి" యే సాధువు. ఆ చీపురు ఎక్కడున్నదో మూలం చెప్పదు.

కరివేపాకు = ఇక్కడ ఆకు అనగా చెట్టు, చెట్టు అనగా కుండీ; లక్షణ మీద లక్షణ. కుండీ ఏడేళ్లది, మొక్క నా మోకాలెత్తు. దానికి చలి పడదు. ఒక్క రాత్రి మంచు కురిస్తే ఆకులన్నీ నల్లబడి, మార్చి దాకా పుల్లలే. కాలిఫోర్నియాలో కరివేపాకుకు ఇంత గౌరవం ఎందుకనగా: నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే సిల్లిడ్ అనే చిరుపురుగు 2008లో ఈ రాష్ట్రంలో కనబడింది. కరివేప కూడా నిమ్మ కుటుంబమే, ఆ పురుగుకు ఇష్టమైనదే. అందుచేత మన ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చిన కరివేపాకు విమానాశ్రయం దాటదు. ఇంట్లో ఉన్న మొక్కే దిక్కు.

లోపల = గ్యారేజీయా, హాలా? గ్యారేజీలో వెలుతురు లేదు. హాలులో కిటికీ దగ్గర సోఫా ఉన్నది. సోఫా జరపమని మూలంలో లేదు. ఇంతకంటె రాయను.

హీటరు ముట్టకండి = అర్థం స్పష్టం. ఈ లోయలో శరత్తు మధ్యాహ్నం ఒక్క చొక్కాతో గడిచిపోవును, రాత్రి రెండు దుప్పట్లు అడుగును. పడమర లాస్ ట్రాంపస్ కొండల వెనక్కి పొద్దు దిగగానే గాలి మారుతుంది. ఈ లోయ గుండా 1891లో వేసిన రైలుదారి, పట్టాలు ఎత్తేశాక, ఐరన్ హార్స్ అనే నడకబాట అయింది. సాయంత్రాలు దాని మీద, ఆర్నెల్లకని వచ్చిన మన అమ్మానాన్నలు మంకీ టోపీలు, చీర మీద స్వెట్టర్లు, కాళ్లకు తెల్ల బూట్లతో నడుస్తూ కనబడతారు. వాళ్లెవరూ హీటరు వేయమని అడగరు. "చలే కదా, ఒంటికి మంచిది" అంటారు, పళ్లు టకటకలాడుతుండగా.

కొండ = డయాబ్లో కొండ, 3,849 అడుగులు. ఇది వ్యాఖ్యాతల పాలిట పెన్నిధి, ఏలననగా దీని పేరే ఒక తప్పుడు టీక. 1805లో స్పానిష్ సైనికులు తరుముకొస్తే, ఇక్కడి ఆదివాసులు ఒక విల్లో పొదలో దూరి, రాత్రికి రాత్రి మాయమయ్యారట. సైనికులు అది దెయ్యం పనేనని ఆ చోటును "మోంటె దెల్ డయాబ్లో" అన్నారు. మోంటె అంటే వారి భాషలో పొద అని కూడా అర్థం. తరవాత వచ్చిన ఇంగ్లీషు మాట్లాడేవారు దాన్ని కొండ అనుకున్నారు. అలా పొదను పట్టిన దెయ్యం కొండెక్కింది.

బాగుంది = మామూలు మాట, కానీ కవయిత్రి నోట అరుదు. ఈ ఇంట వంట గురించీ, మొగుడి కొత్త చొక్కా గురించీ ఆ పదం వాడిన దాఖలా లేదు. ఏం బాగుందో చూద్దామని పెరట్లోకి వెళ్లాను. వేసవంతా పండిన వరిచేను రంగులో ఉన్న కొండవాలుకు, పోయినవారం పడిన వానకు, కింది అంచున పచ్చ జీర వచ్చింది. మనకు శరత్తులో వానలు వెనకబడతాయి, ఇక్కడ మొదలవుతాయి. గడ్డి ఎండాకాలంలో చచ్చి, చలికాలంలో పుడుతుంది. ఓక్ చెట్లు మాత్రం ఎక్కడివక్కడ నల్లగా, పిడకలు అద్దినట్టు.

ఈ ఋతువులోనే ఆ వాలుల్లో మగ టరాంటులా సాలీళ్లు బొరియలు విడిచి, ఆడదాని గడప వెతుక్కుంటూ పగటి పూట కూడా నడుస్తాయి. ఆడది ఇంట్లోనే ఉంటుంది, ఇరవయ్యేళ్లు బతుకుతుంది. మగది ఆ నడక తరవాత ఎక్కువ కాలం ఉండదు. ఆ ఆడదాని గడపకు చీటీ అంటించి ఉంటుందా అన్నది విచార్యం.

తాత్పర్యం

మూడు పనులు, ఒక కొండ. చూడండి అన్నదీ విధ్యర్థకమే గనుక, అదీ ఆజ్ఞయే. నాలుగింటిలో ఏది ముందో మూలం చెప్పనందున, వ్యాఖ్యాత నాలుగోదాన్ని ముందుగా పాటించెను. కుర్చీ వేసుకుని పాటించెను.

అనుబంధం

ఫోను తొమ్మిదీ అయిదు, మైక్రోవేవు పదీ అయిదు. ఫోనులో ఒక్క పదం వచ్చింది: "ఊడ్చారా?"

కవయిత్రి కారులోని గడియారం కూడా మార్చలేదు. పూర్వపక్షమే నెగ్గింది.

ఈనెల చీపురు కరివేపాకు కుండీ వెనక దొరికింది. కుండీ ఇంకా బయటే ఉంది.