చదరంగపు పలక ఆత్మకథ

ప్రోగ్రామింగ్ పజిల్‌కి ఊహ ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు చదరంగపు పలక దగ్గర జవాబుంది. శతాబ్దాలుగా ఆ వెతుకులాట దాని మీదే సాగింది. ఆ కథను పలక ఇక్కడ స్వయంగా చెప్పుకుంటోంది, శాస్త్రగ్రంథాల పద్ధతిలో "నేను" అనకుండా.

పలకకు 64 గళ్ళు. ఆట మొదలైనప్పుడు దాని మీద 32 పావులుంటాయి. పజిల్ పుట్టాలంటే ముందు వాటిని తీసేయాలి. ఒక్క గుర్రాన్నే ఉంచి, ప్రతి గడినీ ఒక్కసారే తొక్కుతూ అంతా తిరగమంటే అదొక పజిల్. తొమ్మిదో శతాబ్దపు ఆలంకారికుడు రుద్రటుడు దీన్ని సగం పలక మీద శ్లోకంగా అమర్చాడు. అక్షరాలను వరసగా చదివినా, గుర్రం గెంతిన క్రమంలో చదివినా అదే శ్లోకం. 1759లో గణితవేత్త ఆయిలర్ దీన్ని గణితంగా పరిశీలించాడు. దారులు అతి తక్కువగా మిగిలిన గడికే గుర్రాన్ని పంపాలన్న చిట్కా 1823లో వార్న్స్‌డార్ఫ్ చెప్పింది. నేటి ప్రోగ్రామర్లు కోడ్‌గా రాసేదీ దాన్నే.

తర్వాతి పాఠం ఎనిమిది రాణులది. ఒకదాన్నొకటి కొట్టుకోకుండా వాటిని నిలపమని 1848లో మాక్స్ బెజెల్ అడిగాడు. 1850లో ఫ్రాంజ్ నౌక్ 92 అమరికలు చూపాడు. గుడ్డిగా పెడితే చూడాల్సినవి 442 కోట్లకు పైనే. వరసకొకటి, నిలువుకొకటి అనుకుంటే 40,320 చాలు. చిక్కొచ్చినచోట వెనక్కి వచ్చి మరో దారి పట్టే పద్ధతిని వివరించడానికి 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఈ పజిల్‌నే ఎంచుకున్నాడు.

పజిళ్ళు కూర్చేవారు గమనించాల్సింది, ప్రశ్నను కాస్త కదిపితే ఏమవుతుందన్నది. గళ్ళను వరసకు వెయ్యి, రాణులనూ వెయ్యి చేసి ఒక్క అమరిక చాలంటే, సూత్రంతో నేరుగా రాసేయవచ్చు. మొత్తం అమరికలెన్నో చెప్పమంటే, వరసకు 27 గళ్ళుండే పలకకు లెక్క తేలింది 2016లోనే. కొన్ని రాణులను ముందే పెట్టి మిగతావి నింపమంటే అది ఎన్‌పీ-కంప్లీట్ (వేగంగా తేల్చే పద్ధతి ఏదీ ఇంతవరకూ తెలియని) సమస్య అని 2017లో నిరూపించారు. పలక ఒక్కటే, కష్టం మూడు రకాలు.

పావులే అక్కర్లేని పజిల్ కూడా ఉంది. పలకకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఎదురెదురు మూలల్లో రెండు గళ్ళు కోసేసి, మిగిలిన 62 గళ్ళను రెండేసి గళ్ళ బిళ్ళలతో కప్పాలి. ఇది మాక్స్ బ్లాక్ 1946లో ఇచ్చినది. కోసిన గళ్ళు రెండూ ఒకే రంగువి, ప్రతి బిళ్ళా రెండు రంగులనూ కప్పుతుంది, కాబట్టి అసాధ్యం. రంగు తట్టని ప్రోగ్రాం వెతుకుతూనే ఉంటుంది. యంత్రాలకు ఇది గట్టి పరీక్ష అని 1964లో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ ముందుకు తెచ్చాడు.

కొత్త ఊహ తట్టాక, అది వేషం మార్చుకున్న పాత పజిలేనేమో చూడాలి. చిన్న పలక మీద చేత్తో చేసి, నిదానంగా అన్నీ వెతికే ప్రోగ్రాంతో జవాబు సరిచూడాలి. వరసకు రెండు, మూడు గళ్ళుండే పలకల మీద అన్ని రాణులకూ చోటు చాలదు; ఆ రెండింటినీ పరీక్షల్లో చేర్చకపోతే తప్పు ప్రోగ్రాములు కూడా గట్టెక్కేస్తాయి.