మనవాడే

మా బడి పూర్వ విద్యార్థుల సభ. వేదిక మీద రెండు పటాలు, రెండు బంతిపూల దండలు. ఒకరు అడివి బాపిరాజు, ఇంకొకరు యల్లాప్రగడ సుబ్బారావు. ఇద్దరూ 1895లో భీమవరం వైపు పుట్టినవాళ్లే. రాజమండ్రిలో చదివినవాళ్లే. సుబ్బారావైతే అక్కడ మెట్రిక్ తప్పాడు కూడా. ఏ బడిలో తప్పాడని నిలదీసేవాళ్లెవరూ లేరు గనక, మా సంఘం ఆయన్ని మా ఖాతాలో రాసేసుకుంది.

‘నారాయణరావు’ రాశాడు, బొమ్మలు వేశాడు అంటూ బాపిరాజుని రెండు ముక్కల్లో తేల్చేశారు. సుబ్బారావు దగ్గరికొచ్చేసరికి మైకు వదిలితే ఒట్టు. కాశీలో అరటిపళ్లమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోయిన కుర్రాడు హార్వర్డ్‌కి వెళ్లడం, లెడర్లే ప్రయోగశాలలో ఆరియోమైసిన్, క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్, 1948లో యాభై మూడేళ్లకే పోవడం, 1995లో తపాలాబిళ్ల... అన్నీ వచ్చాయి. ముఖ్య అతిథి బల్ల గుద్దాడు.

“తెల్లవాళ్లు నోబెల్ ఇవ్వలేదు సరే, సొంతవాణ్ణి మనమైనా గుర్తించొద్దుటండీ!”

చప్పట్ల మధ్యలోనే మా వీధి ఆశా కార్యకర్త సంచీతో వేదికెక్కింది. బోదకాలు రాకుండా ఏటా ఇచ్చే మాత్రలు. పెద్దవాళ్లకి మూడు, పైన నులిపురుగులకి ఒకటి.

“నా ఎదురుగానే మింగాలండి,” అంది.

“భోజనాలయ్యాకేలేమ్మా,” అన్నారు పెద్దలు. పరగడుపున వేసుకోకూడదన్నది నిజమే గనక ఆ పిల్ల మాట్లాడలేదు. నేనూ పుచ్చుకున్నాను.

పనసపొట్టు కూర, బూరెలు అయ్యాయి. కార్లు కదిలాయి. దండలు తీయిద్దామని వెళ్లేసరికి ఆ పిల్ల బల్ల కింద దూరి ఏవో ఏరుతోంది. దోసెడు మాత్రలు తెచ్చి సుబ్బారావు పటం ముందు పోసింది.

“ఒక్కరూ వేసుకోలేదండి మేష్టారూ.”

“పోనిద్దూ, వాళ్లకెందుకొస్తుంది బోదకాలు?”

“అది కాదండి. అన్ని మందులూ చెప్పేరు, ఇది చెప్పరేంటా అని ఆఖరి దాకా కూర్చున్నానండి.” పటం వైపు చూపించింది. “ఇదీ ఆయన ల్యాబులో పుట్టిందేనండి. మాకు ట్రైనింగులో చెప్పేరు.”

నాకు నోట మాట రాలేదు.

“మీరైనా వేసుకున్నారాండి?”

“ఎప్పుడో వేసుకున్నానమ్మా,” అన్నాను, సన్మానపు కండువా చొక్కా జేబు మీదికి సర్దుకుంటూ.