నో బిడ్ ఆకు ఆత్మకథ

నేను బ్యారన్ పొగాకు ఆకును. ప్రకాశం జిల్లా ఎర్ర చలకలో పెరిగాను. నాతోపాటు ఒకే నారుమడిలో మొలిచిన మొక్కలు కొన్ని పక్క చేలోకి వెళ్లాయి. వాటి ఆకు నిమ్మపండు రంగు తిరిగి బ్రైట్ గ్రేడ్ అనిపించుకుంది. నాకు లో గ్రేడ్ కూడా దక్కలేదు. విత్తనం ఒకటే, నారు ఒకటే. పెంపకమే వేరు.

పుట్టుకలో నాకేం తక్కువ లేదు. చెట్టుకు నడిమి ఆకును, అంటే మేలైన చోటు నాది. మా ఒంట్లో నికోటిన్ తయారయ్యేది వేళ్లలో, చేరేది ఆకుల్లోకి. తల తుంచితే పెరుగుతుంది, నీటికి కటకటైనా పెరుగుతుంది. పురుగు ముట్టకుండా మేం దాచుకున్న విషమది. పురుగుకు ఆ సంగతి తెలుసు. మనుషులు మాత్రం డబ్బిచ్చి మరీ పీలుస్తారు!

మిగతా పైర్లకు ఎరువు ఎంత పెడితే అంత మేలంటారు. మాకు అలా కుదరదు. ఆకు పక్వానికొచ్చే వేళకు నేలలో నత్రజని అయిపోవాలి. అప్పుడే పచ్చదనం విరిగి ఒంట్లో పిండిపదార్థం చేరుతుంది, ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో అది చక్కెరవుతుంది. మా ఆసామి వినలేదు. చేను నల్లగా కనపడాలని ఆలస్యంగా ఇంకో దఫా యూరియా చల్లాడు. దారిన పోయేవాళ్లంతా "చేను భలే ఉందయ్యా" అంటుంటే మురిసిపోయాడు. నాలో నికోటిన్ పెరిగి చక్కెర తగ్గింది. పండాల్సిన రోజుల్లో పచ్చిగా మిగిలాను.

నా కొంప ముంచింది మాత్రం ఉప్పు. పొగాకుకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయాలి. చవగ్గా వస్తుందని ఆయన మ్యూరియేట్ బస్తాలు దించాడు. అందులో సగానికి దగ్గరగా క్లోరైడే. దానికి తోడు ఉప్పు బోరు నీళ్లు. ఆకులో క్లోరైడ్ ఒకటిన్నర శాతం దాటితే గాలిలో చెమ్మంతా లాక్కుని మెత్తబడిపోతాం, అంటించినా సరిగా కాలం. రాజమండ్రిలో 1947లో పెట్టిన పొగాకు పరిశోధన సంస్థ వాళ్లు మట్టి, నీళ్లు ముందే పరీక్ష చేయించుకోమంటారు. సీసాడు నీళ్లు పట్టివ్వడానికి మా ఆసామికి తీరిక దొరకలేదు.

తర్వాత కథ చిన్నదే. కొట్టారు, కర్రలకు కట్టారు, బ్యారన్ ఎక్కించారు. రోజుల తరబడి కాల్చారు. చేలో పండని ఆకును నిప్పు మాత్రం ఏం పండిస్తుంది? మచ్చలు మచ్చలుగా దిగాను.

వేలం కేంద్రంలో కొనేవాడొకడు బేలులోంచి నన్ను లాగి, వేళ్ల మధ్య నలిపి, చెమ్మ చేతిని ప్యాంటుకు తుడుచుకుని ముందుకెళ్లిపోయాడు. ఆ వెనక ఒక్కరూ ఆగలేదు. నో బిడ్! మళ్లీ ట్రాక్టరెక్కి ఇంటికొచ్చాను. ఇప్పుడు పశువుల కొట్టం పక్కన, చిరిగిన గోనెలో బూజు పడుతున్నాను. ఎవరైనా అడిగితే మా ఆసామి "ఈ ఏడు ఆకు మోసం చేసింది" అంటున్నాడు.

మోసం చేసింది నేనా? ఆయన పెట్టింది తిన్నాను, పోసింది తాగాను. వచ్చే ఏడు విత్తనం మారుస్తాడట. మార్చుకోమనండి. ఆ బోరూ ఆ బస్తా మారకుండా ఎన్ని విత్తనాలు మార్చినా, ట్రాక్టరుకు తిరుగు కిరాయి తప్పదు.