అగరబత్తి వెలిగించాడు, తేదీ చూడలేదు

మూసాపేటలో మా బాబాయి లారీ బ్రోకరు. ఆఫీసంటే ఒక టేబులు, రెండు ఫోన్లు, మూడు కుర్చీలు. మూడోదానికి ఒక కాలు లేదు కాబట్టి దాన్ని అప్పులవాళ్లకి వేస్తాడు. గోడమీద వెంకటేశ్వరస్వామి, పక్కనే అద్దం కట్టించిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. 2014 నుంచి ఇద్దరికీ కలిపే అగరబత్తి. దేవుడికి గడువు లేదు. సర్టిఫికెట్‌కి ఉంది, పదేళ్లే.

లోడు ఎక్కించేటప్పుడు ఏమీ అడగని కంపెనీవాళ్లు, బిల్లు పాస్ చేసేటప్పుడు మాత్రం కాగితం అడిగారు. అప్పుడు చూసుకుంటే గడువు తీరి ఏడాదైంది.

"అంటే ఏడాదిగా నేను బ్రోకర్ని కానా?"

"చట్టప్రకారం కాదు బాబాయ్."

"మరి నిన్న షోలాపూర్ లోడు పంపింది ఎవర్రా?"

ఆ చట్టం 2007లో చేసిన క్యారేజ్ బై రోడ్ చట్టం. అమల్లోకి వచ్చింది 2011 మార్చి 1న. అంతదాకా మన లారీలు నడిచింది 1865 నాటి క్యారియర్స్ చట్టం కింద. మోటారు బండికి కార్ల్ బెంజ్ పేటెంటు అడిగిందే 1886లో! లారీ పుట్టకముందే పుట్టిన చట్టానికి 146 ఏళ్లు గడువు తీరలేదు గానీ, బాబాయి కాగితానికి పదేళ్లకే తీరింది.

కొత్త చట్టం మాత్రం మనసున్నది. బుకింగ్ కంపెనీ, కాంట్రాక్టరు, ఏజెంటు, బ్రోకరు, కొరియరు, అందర్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి 'కామన్ క్యారియర్' అని పేరు పెట్టింది. రిజిస్ట్రేషన్ లేకుండా వ్యాపారం చేస్తే మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 10,000 దాకా.

సరే, ప్రాణం పోయిన కాగితానికి ప్రాణం పోయించడానికి బయల్దేరాం. ఏ ఆఫీసుకో చెప్పను, మళ్లీ వెళ్లాల్సి ఉంది.

"పాత ఒరిజినల్ తెచ్చారా?"

తెచ్చాడు, ఫ్రేముతో సహా.

"ఇది చెల్లదండీ."

"మరి అడిగారుగా?"

"చెల్లదని చెప్పాలంటే చూడాలిగా!"

నాలుగు రోజులు తిరిగాక బాబాయి లెక్క వేశాడు. పోయిన కమీషన్ మొదటి జరిమానాని దాటేసింది. నేరం చేస్తే చౌక, సరిదిద్దుకుంటే ఖరీదు. ఆడిటర్ కూడా ఇంత సూటిగా చెప్పలేడు.

ఇక కైతలాపూర్ వంతెన దాటితే హైటెక్ సిటీ. అక్కడ ఇదే పని యాప్ చేస్తుంది. ఖాళీ లారీనీ సరుకునీ కలిపి మధ్యలో నాలుగు రాళ్లు తీసుకోవడం బాబాయి చేస్తే బ్రోకరిజం, యాప్ చేస్తే 'లాజిస్టిక్స్ ప్లాట్‌ఫాం'. ఆ ప్లాట్‌ఫాంకి మూడుకాళ్ల కుర్చీ ఉండదు, అంతే తేడా.

ఇటు సనత్‌నగర్ కంటెయినర్ డిపోలో పనిచేసే కస్టమ్స్ బ్రోకర్లది ఇంకో రాత. 2021 నుంచి వాళ్ల లైసెన్సుకి జీవితకాలం చెల్లుబాటు. కాకపోతే ఏడాదికి మించి పని చేయకుండా పడుకుంటే చెల్లకుండా పోతుంది. ఇది విని బాబాయి నిట్టూర్చాడు.

"వాళ్లకి పని చేయకపోతే పోతుంది. నాకు పని చేస్తుండగానే పోయిందిరా!"

లారీ బ్రోకర్లకి మనవి. రేపు పొద్దున అగరబత్తి వెలిగించేముందు ఆ ఫ్రేము దించి, మసి తుడిచి, తేదీ చదువుకోండి. 2016లో తీసుకున్నవాళ్లకి గడువు 2026.