స్వామీ, మా ట్రక్కులకో విఘ్నం ప్రసాదించండి

చోడవరంలో వేంచేసియున్న శ్రీ స్వయంభూ విఘ్నేశ్వర స్వామి వారి దివ్యసముఖానికి, ఇదే ఊళ్ళో ట్రాక్టర్ ట్రక్కులు కట్టుకు బతికే వెల్డింగు షెడ్డువాడు సాష్టాంగపడి రాసుకునే మనవి ఏమనగా:

చిరునామాలో జిల్లా పేరు దగ్గరే కలం ఆగింది. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది అనకాపల్లి జిల్లా. నోటికి మాత్రం ఇంకా విశాఖపట్నం జిల్లా అనే వస్తోంది. మీకు చేరడానికి పిన్‌కోడు అక్కర్లేదు కాబట్టి అసలు సంగతికి వస్తాను.

ఇలాంటి అర్జీ రవాణా శాఖకి పెట్టుకోవాలి గానీ నాకెందుకురా అంటారేమో. ఎవరెన్ని చెప్పినా మా దగ్గర బండి మొదట వచ్చేది మీ గుమ్మానికే. రంగు ఆరీ ఆరకముందే ట్రక్కుని ట్రాక్టరుకి తగిలించి, బంతిపూల దండ వేసి, మీ ముందు నిలబెడతారు. కొబ్బరికాయ, హారతి, నిమ్మకాయలు. ఆ నిమ్మకాయలు ట్రాక్టరు చక్రాల కిందే పెడతారు. ట్రక్కు చక్రాల కింద పెట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ట్రక్కంటే అందరికీ ఆ చులకనే. దానికి ఇంజనా, స్టీరింగా? లాగితే వస్తుంది, ఆపితే ఆగుతుంది అనుకుంటారు.

ఆపితే ఆగదు స్వామీ. నా గోడంతా అదే.

గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజుల్లో రోడ్డు మీది వరస మీరెరుగనిది కాదు. ముందు రెండు టన్నుల ట్రాక్టరు, వెనక ఐదారు టన్నుల చెరకు. ట్రాక్టరు బ్రేకు పనిచేసేది వెనక చక్రాల మీద. అదీ ఎడమకొక పెడలు, కుడికొక పెడలు, మడి చివర గిరుక్కున తిరగడానికి. రోడ్డెక్కితే ఆ రెండు పెడళ్ళనీ కొక్కెంతో కలపాలి. కలపకపోతే కాలు ఒకదాని మీదే పడి బండి పక్కకి లాగేస్తుంది. కలిపినా సరే, వెనక ట్రక్కుకి బ్రేకు లేకపోతే పల్లంలో ఆ బరువంతా ట్రాక్టరుని ముందుకు తోస్తుంది. మలుపులో అయితే తోపు ఏటవాలుగా తగిలి ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది. వేగం 15 కిలోమీటర్ల నుంచి 30కి పెరిగితే ఆ తోపులో ఉండే శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. ఈ లెక్క తెలియకుండానే మనవాళ్ళు పల్లంలో గేరు తీసేస్తారు, డీజిలు కలిసొస్తుందని!

యూరపులో చిన్న ట్రయిలరైనా సరే, లోడుతో కలిపి 750 కిలోలు దాటేదైతే దానికి సొంత బ్రేకు ఉండి తీరాలి. మనకీ చట్టం లేకపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 109వ సెక్షను, బండిని ఎల్లవేళలా తోలేవాడి అదుపులో ఉండేలా కట్టాలి, అలాగే ఉంచాలి అంటుంది. నా షెడ్డుకొచ్చిన రైతు మాత్రం బ్రేకు యాక్సిల్ ధర వినగానే, “ఏటి మేస్త్రీ, ట్రక్కు కట్టించుకున్నది లాగడానికా, ఆపడానికా? సామున్నాడు కదేటి!” అంటాడు. అంటే మిమ్మల్ని బ్రేకు షూ లెక్కన జమకట్టేశారన్నమాట.

సరే, ఎలాగో ఒప్పించి బ్రేకు యాక్సిల్ తెప్పించామే అనుకోండి. తగిలించడంలో ఇంకో పురాణం ఉంది. ఇది మీరు కాస్త ఓపిగ్గా వినాలి.

యాక్సిల్ ట్రక్కు కింద అడ్డంగా కూర్చుంటే చాలదు, సూటిగా కూర్చోవాలి. ముందు హుక్కు కన్ను నడిమధ్య నుంచి టేపు లాగి ఎడమ హబ్బు దాకా ఒక కొలత, కుడి హబ్బు దాకా ఒక కొలత తీయాలి. రెండూ ఒకటే రావాలి. అంగుళం తేడా వచ్చిందా, ట్రక్కు పీతలా పక్కవాటుగా నడుస్తుంది, టైర్లు ఒరిసిపోతాయి. కంటితో చూసి సరిపోయిందనే మేస్త్రీలే ఎక్కువ. ఆ కన్ను మీరిచ్చిందే అయినా టేపుకి సాటిరాదు. ఇక కమాను కట్ట కింది సెంటర్ బోల్టు తలకాయ యాక్సిల్ మీది గుంటలో దిగిందో లేదో వేలు పెట్టి తడిమి చూడాలి. దిగకుండా యూ బోల్టులు బిగిస్తే ఎంత బిగించినా మొదటి గట్టి బ్రేకుకే యాక్సిల్ వెనక్కి జరుగుతుంది.

వెల్డింగు దగ్గర మా కులవృత్తి పాపం ఒకటుంది. చేతికి దగ్గరగా ఉందని ఎర్త్ క్లాంపు హబ్బుకి తగిలించేస్తారు. కరెంటు బేరింగు గుండా పారుతుంది, లోపలి గుండ్ల మీద కంటికానని గుంటలు పడతాయి. బేరింగు నెలల్లో కూతకొస్తుంది, తిట్లు బేరింగు కంపెనీకి పోతాయి. క్లాంపు ఎప్పుడూ వెల్డు చేసే చోటికి పక్కనే పెట్టాలి. అసలు యాక్సిల్ నడుమ వెల్డింగు రాడ్డు తాకించకపోవడమే మేలు.

బ్రేకు ప్లేట్లలో ఎడమదీ కుడిదీ వేరు. చూపుకి ఒకేలా ఉంటాయి గానీ లీవరు తిరిగే దిక్కు వేరు. తారుమారు చేసి బిగించి, తర్వాత లీవర్లు ఎదురు తిరిగాయని వాటిని వంచి సరిచేసే ఘనులు ఉన్నారు. లీవరుని లాగే బ్రేకు రాడ్డు, గట్టిగా లాగినప్పుడు, లీవరుతో దాదాపు మూల మట్టానికి రావాలి, అప్పుడే లాగిన బలమంతా షూకి చేరుతుంది. ఆపైన జాకీ పెట్టి చక్రం లేపి, ముందుకు తిప్పుతూ షూ పట్టేదాకా బిగించి, చక్రం తేలిగ్గా తిరుగుతూ సన్నగా రాపిడి వినబడేదాకా వదలాలి. రెండు వైపులా ఒకే రాపిడి వినబడాలి. ఒకటి ముందు పట్టి ఇంకోటి తర్వాత పడితే బ్రేకు లేకపోవడం కంటే కీడు. ఇంతా చేసి గ్రీజు చేతులతో షూ లైనింగు పట్టుకున్నామంటే సగం బ్రేకు అక్కడే పోయింది.

ఇన్నీ సవ్యంగా జరిగి, ట్రక్కు మీ గుడి ముందుకొచ్చి నిలబడితే, అప్పుడు చూడండి స్వామీ. ట్రాక్టరు హైడ్రాలిక్ నుంచి ట్రక్కు బ్రేకుకి వెళ్ళాల్సిన గొట్టం, తగిలించే చోట తగిలించకుండా, డ్రాబారుకి బైండింగు తీగతో చుట్టి ఉంటుంది. ఎందుకయ్యా అంటే, ప్రతిసారీ తగిలించి తీయడం విసుగట. రివర్సులో ఇబ్బందట. ఫిట్‌నెస్ చూపించే రోజున తీగ విప్పుతారు, మర్నాడు మళ్ళీ చుడతారు. ఎవరు చుట్టారో పేర్లు రాయను, మీకు తెలియనివారా?

కాబట్టి నా మనవి ఇదీ. విఘ్నాలు తీసేసేది మీరే, పెట్టేదీ మీరే అని పెద్దలంటారు. రెండో అధికారం మీరు ఈమధ్య వాడుతున్నట్టు లేదు. ట్రక్కుకి బ్రేకంటే దారిలో మనంతట మనం పెట్టుకునే విఘ్నమే, దాన్ని దయచేసి తొలగించకండి. గొట్టం కలపని ట్రాక్టరు మీ ముందు స్టార్టవకుండా చూడండి. అంత చమత్కారం ఈ కాలంలో కుదరదంటే, హారతిచ్చే అర్చకుల వారి కలలో కనబడి ఒక్క మాట చెప్పండి: పళ్ళెం ముందు చక్రాల దగ్గర్నుంచి వెనక చక్రాల దాకా తిప్పమనండి. ఆ వెలుగులో వంగి చూస్తే తీగ కనబడుతుంది.

ఇట్లు
మీ ఊరి వెల్డింగు షెడ్డువాడు

తా.క.: మొదటి లోడు దించాక యూ బోల్టులూ చక్రం నట్లూ మళ్ళీ బిగించాలి, లోడు పడితే అవి వదులవుతాయి, తీసుకురండి, కూలి అక్కర్లేదు అని అందరికీ చెప్పే పంపిస్తున్నాను. చాలామంది రావట్లేదు. మొక్కు తీర్చుకోవడానికి మీ దగ్గరకి ఎలాగూ వస్తారు, ఇటు పంపండి.