వైరల్ కావాలి, వెల అడగరాదు

ఆకివీడు, కైకలూరు చెరువు గట్ల మీద ఏరేటర్ల హోరులో, అంటే రొయ్యలకు ప్రాణవాయువు అందించే చక్రాల మోతలో, కెమెరా వణకకుండా ఆపే గింబల్ పట్టుకుని నిలబడే ఫ్రీలాన్స్ వీడియోగ్రాఫర్, నెలజీతం లేకుండా పనికింత అని కుదుర్చుకునే వృత్తిజీవి అయినందున, ‘తమ్ముడూ’ అన్న పిలుపుతో మొదలైన బేరం ‘చూద్దాంలే’ అన్న మాటతో ముగియడం అతనికి మామూలే. ఒక్కరోజు పనిలోనే డ్రోన్ దృశ్యాలూ, ఫోను తెరకు నిలువుగా సరిపోయే పొట్టి వీడియోలైన రీల్స్ అరడజనూ, వీలుంటే యజమాని మనవడి పుట్టినరోజూ ఇమిడిపోతాయి.

చేపల చెరువుపై వాలితే టపాకాయలు కాల్చి తరిమే గూడబాతు, దాణా ప్రకటనలో మాత్రం ‘ప్రకృతి ఒడి’కి నిదర్శనంగా రెక్కలు విప్పాలని కోరడం ఖాతాదారుల పక్షిప్రేమకు పరాకాష్ఠ. 1999లో అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సార్‌లో చేరిన కొల్లేటి సరస్సుపై చిత్రీకరణకు అటవీశాఖ అనుమతి ఎవరు తేవాలన్నది బేరంలో ఎక్కడా కనిపించదు. (పట్టుబడితే డ్రోన్ ఎవరిదో మాత్రం అందరికీ తెలుసు.)

ప్రతిఫలమిచ్చి తీయించుకున్న చలనచిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే తొలి హక్కుదారులని 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతుండగా, ఖాతాదారులు హక్కును కంఠస్థం చేసి ప్రతిఫలాన్ని మరచిపోయారు. కనుక కెమెరా సోదరులు సగం సొమ్ము ముందే పుచ్చుకుని, మిగతాది చేతికందేదాకా వీడియోపై తమ పేరు ముద్రను చెరపకుండా ఉంచగలరు.