పదిమంది తోసిన బండి: ఒక ఆటవెలదికి దోణిమలై టీక

పాతబండియైన పదిమంది తోసినఁ
గదలు; బోరుగొట్టఁ గదలు మరల;
కొత్తబండిలోనఁ గొసరైన దీపమ్ము
వెలుగ నిలిచిపోవు వీధినడుమ.

అవతారిక: సండూరు కొండల్లోని దోణిమలై ఇనుప గని 1977లో మొదలైంది. గని ఎన్‌ఎండీసీది, దాని పెద్దాఫీసు హైదరాబాదు. అందుకని టౌన్‌షిప్‌లో కార్ల బాగోగుల చర్చ కన్నడంలో మొదలై తెలుగులో తేలుతుంది. 'ఆ రోజుల్లో ఇంజన్లే ఇంజన్లు' అనేవారికి జవాబుగా పుట్టిందీ పద్యం. పద్యం నాదే, టీకా నాదే. ఇంకొకరి చేతికిస్తే తప్పులు పడతారు.

ప్రతిపదార్థం: పాతబండి = అంబాసిడర్; ఐనన్ = అయినప్పటికీ; పదిమంది = డ్రైవరు తప్ప లోపలున్న బంధువులందరూ, దారినపోయే ఇద్దరూ; తోసినన్ = నెట్టగా; కదలు = కదులును; కొసరు ఐన = అడక్కుండా ఇచ్చినట్టి; దీపమ్ము = డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మతో వెలిగే పసుపు లైటు. తక్కినది సుగమం.

టీక: 'పాత ఇంజనుకు చావు లేదు' అని పూర్వపక్షం. అంబాసిడర్ 1958లో వచ్చింది, 2014 దాకా తయారైంది. చాలాకాలం దాన్ని లాగింది బ్రిటన్‌లో పుట్టిన 1489 సీసీ బీఎంసీ ఇంజను. బ్లాకూ పోత ఇనుమే, హెడ్డూ పోత ఇనుమే. బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 89. అంటే పొడుగు అంగల మనిషి. తొందరపడడు, చెమట పట్టనివ్వడు. ఇంతకంటే గట్టితనం ఏముంటుందని వారి ప్రశ్న.

దానికి సమాధానం పద్యంలోనే ఉంది. 'తోసినన్' అన్నాడు కవి. ఆగని బండిని ఎవరు తోస్తారు? కనుక ముందే ఆగిందని సిద్ధం. ఆ ఇంజను గొప్ప ఆగకపోవడంలో లేదు, ఆగాక లేవడంలో ఉంది.

'బోరుగొట్టన్' అన్నచోట శ్లేష. పాత కార్ల కథలు వినేవాడికి బోరు కొడుతుందన్నది ఒక అర్థం. పద్యకర్తకు ఇది వర్తించదని మనవి. రెండోది లేత్ షాపు అర్థం. దోణిమలై దుమ్ము మామూలు మట్టి కాదు, హెమటైటు, ఇనుప ఖనిజం. ఎయిర్ ఫిల్టరు దాటి లోపలికి పోతే పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య సానరాయిలా రుద్దుతుంది. పైగా చలికి చోక్ లాగితే ఎక్కువైన పెట్రోలు గోడ మీది ఆయిలు పొరను కడిగేస్తుంది. ఇక సైలెన్సర్‌లోంచి నీలం పొగ. లక్ష కిలోమీటర్లు తిరక్కుండానే ఇంజను బోరుకు రావడం అప్పట్లో వింత కాదు. బ్లాకును బళ్లారికో హొసపేటకో తీసుకుపోయి, గోడ చెక్కించి, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 20 సైజు, తర్వాత 40 సైజు పిస్టన్లు వేయించేవారు. అదీ అయిపోతే స్లీవు. మనిషికి ఏడు జన్మలంటారు గానీ, ఈ బ్లాకుకు రసీదుల సాక్షిగా మూడు నాలుగు ఉండేవి.

1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, అల్యూమినియం హెడ్డు. 'కుట్టుమిషనా?' అన్నారు పెద్దలు. ఆ కుట్టుమిషను కూడా 2014 దాకా నడిచింది! తర్వాతి ఇంజన్లలో కాగితం ఫిల్టరు సన్నటి దుమ్మును పట్టేసింది, ఇంజక్షను వచ్చి చోక్ అనే మాటనే మరిపించింది, ఆయిలూ మెరుగుపడింది. రెండు లక్షలు తిరిగినా హెడ్డు విప్పని బళ్లున్నాయి. కాబట్టి అరుగుదల లెక్కలో కొత్తదే గట్టిది. నా పక్షం ఇదే. అయితే చాలా కొత్త బ్లాకులు అల్యూమినియంవి, లోపల పలచటి ఇనుప లైనర్లు. అరిగిన రోజున చెక్కడానికి మిగిలేది కొంచెమే.

గని వాళ్లకు ఈ వాదమే విచిత్రం. వారి డంపర్ల వయసు కిలోమీటర్లలో లెక్కించరు, ఇంజను తిరిగిన గంటల్లో లెక్కిస్తారు.

'దీపమ్ము వెలుగ నిలిచిపోవు' అన్నది అతిశయోక్తి అని ఆక్షేపణ. నిజమే, పసుపు దీపానికి బండి సాధారణంగా ఆగదు. ఏదో సెన్సరు అలిగితే కంప్యూటరు శక్తి తగ్గించి నెమ్మదిగా పొమ్మంటుంది, అంతే. కాబట్టి ఇక్కడ 'యజమాని' అనే కర్తను అధ్యాహారం చేసుకోవాలి. నిలిచిపోయేది ఆయనే, చేతిలో ఫోనుతో. పదిమంది సిద్ధంగా ఉన్నా లాభం లేదు. ఆటోమేటిక్ బండి తోస్తే స్టార్టవదు.

పాఠాంతరం: కొండ ఎక్కిదిగేవారు చివర 'ఘాటునడుమ' అని చదువుతారు. అప్పుడు వె-ఘా లకు మైత్రి కుదరక యతి తప్పుతుంది. బండి ఆగడం మాత్రం తప్పదు.